బొమ్మలో పడని వేలిముద్ర: యూజ్ కేస్ చిత్రాల బోధనపై ఒక విమర్శ

సాఫ్ట్‌వేర్ రూపకల్పన పాఠంలో యూజ్ కేస్ అనగానే విద్యార్థికి గుర్తొచ్చేది గీతలతో వేసిన మనిషి బొమ్మ, పక్కన ఒక అండాకారం, రెంటినీ కలిపే గీత. ఏటీఎం, గ్రంథాలయం అనే ఉదాహరణలు ల్యాబ్ రికార్డుల్లో ఏళ్ల తరబడి మారకుండా వస్తున్నాయి. ఈ అలవాటు అసలు భావననే కుదించివేసింది. ఐవార్ యాకబ్‌సన్ 1992 నాటి గ్రంథంలో వివరించిన యూజ్ కేస్ బొమ్మ కాదు; వ్యవస్థకు వెలుపలనున్న పాత్రధారి ఒక ప్రయోజనం కోసం దానితో జరిపే వ్యవహార క్రమం. 1997లో యూఎంఎల్ ప్రమాణంగా ఆమోదం పొందాక చిత్రానికి ప్రాచుర్యం పెరిగింది. యూజ్ కేస్ ప్రధానంగా వాక్యరూపమేనన్న అలిస్టర్ కోబర్న్ వాదన మన తరగతి గదుల్లోకి అంతగా రాలేదు.

నరసన్నపేట చుట్టుపక్కల ఏ రేషన్ డిపోనైనా తీసుకుందాం. ఈ-పోస్ యంత్రం వచ్చాక అక్కడి వ్యవహారాన్ని చిత్రించడం తేలిక. ‘సరుకులు పొందుట’ మూల యూజ్ కేస్; కార్డుదారు, డీలరు, ఆధార్ సర్వరు పాత్రధారులు. గుర్తింపు ధ్రువీకరణ ప్రతిసారీ జరగాల్సిందే కనుక అది ఇంక్లూడ్ సంబంధం. బొమ్మ నిండుగానే ఉంటుంది. కాని కూలిపనుల్లో చేతిరేఖలు అరిగిపోయిన వృద్ధురాలి వేలిముద్ర పడకపోతే? పనిచేయగలవారు చెన్నైకో హైదరాబాదుకో వలసపోగా, కార్డులోని వారిలో మంచం పట్టిన ముసలాయన ఒక్కడే ఊళ్లో మిగిలితే?

వేలిముద్ర పడనివారికి గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణతో సరుకులిచ్చే వెసులుబాటు రాష్ట్రంలో కల్పించారు. యూజ్ కేస్ పరిభాషలో ఇది ఎక్స్‌టెండ్. ఒక షరతు ఏర్పడినప్పుడే మూలక్రమంలో ప్రవేశిస్తుంది. దానితోపాటు, మొదటి చిత్రంలో లేని పాత్రధారి కూడా వస్తాడు. ఇక్కడ బాణం విస్తరించే యూజ్ కేస్ నుంచి మూలం వైపు సాగాలి. రికార్డుల్లో అది తలకిందులుగా ఉండటం దిద్దేవారికి కొత్తేమీ కాదు. దిశ తప్పితే విద్యార్థికి ఒక మార్కు పోతుంది. షరతే రాయకపోతే ముసలమ్మకు నెల బియ్యం పోతుంది. మనం మాత్రం మొదటిదాన్నే దిద్దుతున్నాం.

చిత్రం నిరుపయోగమని నా వాదన కాదు. డీలరు వ్యవస్థ సరిహద్దుకు లోపలివాడా, వెలుపలివాడా అన్న చర్చను అది తప్పక రేపుతుంది. అయితే ఎన్ని ప్రయత్నాలు విఫలమయ్యాక అధికారిని పిలవాలి, పిలవాల్సింది ఎవరు, ఆనాడు ఆయన ఊళ్లో లేకుంటే ఏమిటి అన్నవి అండాకారంలో ఇమడవు. అవి ప్రత్యామ్నాయ క్రమంగా, అంకెలు వేసిన వాక్యాల్లో రావాలి. రికార్డులో బొమ్మకు ఎదురుగా ఖాళీగా వదిలే పేజీ అందుకు సరిపోతుంది.