పాతర తెరిచాక

హాలియా చుట్టుపక్కల నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారినన్నాళ్లూ పచ్చదనానికి లోటుండదు. కాలువ కట్టేసి ఎండలు ముదిరితే బర్రె ముందు మిగిలేది వరిగడ్డే. బోరు కింద వేసుకున్న సూపర్ నేపియర్ వానాకాలంలో కోయలేనంతగా పెరుగుతుంది. ఆ మిగులును పాతరేసి వేసవికి దాచడం పాత పనే. అందులో కలిపే పదార్థాల పనితనం మాత్రం నిదానంగా చూడదగ్గది.

ఎండు వరిగడ్డిని మెత్తబరచాలంటే 100 కిలోలకు 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలాడకుండా మూస్తారు. అక్కడ పనిచేసేది అమ్మోనియా, అంటే క్షారం. పచ్చిగడ్డికి దానికి పూర్తి విరుద్ధం: కావలసింది పులుపు, అదీ త్వరగా. కోసిన గడ్డి ఇంకా ఊపిరి పీలుస్తూ తనలోని చక్కెరను తగలేస్తుంటుంది. పీహెచ్ 4.2 దగ్గరికి దిగడం ఆలస్యమైతే క్లాస్ట్రీడియా బ్యాక్టీరియా చేరి బ్యూటిరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. పాతరంతా చెడిన నెయ్యి కంపు.

మొక్కజొన్నకు ఈ భయం తక్కువ, దాని చక్కెరే దానికి చాలు. లేత నేపియర్‌లో నీరు 80 శాతం దాటుతుంది, చక్కెర అంతంతమాత్రం. అందుకే కోసి ఒక పూట వాడబెట్టి, టన్నుకు 20 నుంచి 40 కిలోల మొలాసిస్‌ను నీళ్లలో పలచన చేసి పొరపొరకూ చల్లుతారు. ముక్కలను గుప్పిట్లో పిండితే రసం కారకూడదు.

చక్కెర పెంచే బదులు పులుపునే నేరుగా పోయవచ్చని చూపినవాడు ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్తానెన్. గడ్డిపై ఖనిజామ్లాలు చల్లిన ఆ పద్ధతికి ఆయన పేరులోని పొడి అక్షరాలే పెట్టి ఏఐవీ అన్నారు. 1945లో రసాయనశాస్త్ర నోబెల్ ఆయనకే వచ్చింది. పశువుల మేతకు అంతటి గౌరవం!

ఇప్పుడు ఆమ్లం డబ్బాల కంటే బ్యాక్టీరియా పొడి సులువు. పాలకు తోడు వేసినట్టే, గ్రాము గడ్డికి లక్ష కణాలు పడేలా చల్లుతారు. క్లోరిన్ నీళ్లలో కలిపితే ఆ కణాలు చస్తాయి, బోరు నీళ్లే మేలు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకం ఒక గ్లూకోజ్ నుంచి రెండు లాక్టిక్ ఆమ్ల అణువులు తీస్తుంది, దాదాపు ఏదీ వృథా పోదు. అంత చక్కని పనిలోనూ ఒక మెలిక ఉంది. పాతర తెరిచి గాలి తగిలితే ఈస్ట్‌లకు ఆ లాక్టిక్ ఆమ్లమే విందు. అవి దాన్ని తినేకొద్దీ పులుపు తగ్గుతుంది, గడ్డి వేడెక్కుతుంది, ఆ వెనకే బూజు. మన ఎండలకు ఇది ఒకటి రెండు రోజుల్లో జరిగిపోతుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది రెండో రకం, బుక్నెరి. అది తొందరపడదు. ఒకటిన్నర, రెండు నెలలు తీసుకుని కొంత లాక్టిక్ ఆమ్లాన్ని అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ దారిలో కాస్త మేత నష్టపోతుంది, కానీ అసిటిక్ ఆమ్లం ఈస్ట్‌లకు గిట్టదు. తెరిచాక గడ్డి చల్లగానే ఉంటుంది. కొంచెం వదులుకుని మిగతాది నిలబెట్టే ఈ లెక్క ముందు మొదటి రకం వేగం నాకు చిన్నదిగానే తోస్తుంది. రెండూ కలిపిన పొడులూ దొరుకుతున్నాయి.

అయితే ఏ పొడీ సరిగా తొక్కని పాతరను కాపాడలేదు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు, పొర వేసిన ప్రతిసారీ గట్టి తొక్కుడు, ఘనమీటరుకు అయిదారు వందల కిలోలు పట్టేంత బిగువు, పైన కన్నంలేని పట్టా: ఇవి ముందు. గుంత కొలత మంద లెక్కను బట్టి ఉండాలి. అయిదు బర్రెలకు రోజుకు 100 కిలోలు వేస్తే, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న ముఖం నుంచి రోజూ అర అడుగు లోపలికి తీసినట్టవుతుంది. వేసవిలో అంతకు తగ్గకూడదు. రెండు బర్రెలే ఉన్నవాళ్లు గుంత జోలికి పోకుండా ప్లాస్టిక్ డ్రమ్ములోనో మందపాటి సంచుల్లోనో బిగించుకుని, ఒకటి అయిపోయాకే ఇంకొకటి విప్పడం మంచిది.