కాలిన ఫ్యూజు, చెప్పని మాట: లినక్స్ ఎన్‌వీమెమ్ బైండింగుల పరిశీలన

చిప్పులోని ఫ్యూజు మెమరీలో ప్రతి బిట్టూ ఒక్కసారే మారుతుంది. కాల్చిన ఫ్యూజు మళ్లీ అతుక్కోదు. ఉష్ణోగ్రత సెన్సర్ల సవరణ విలువలు, క్రమసంఖ్యలు, సురక్షిత బూట్‌కు అవసరమైన హ్యాష్‌లు అందులో నిక్షిప్తమై ఉంటాయి. ఈ హార్డ్‌వేరును కెర్నెల్‌కు పరిచయం చేసేది డివైస్ ట్రీ; ఆ పరిచయం ఏ రూపంలో ఉండాలో నిర్దేశించేది బైండింగ్ పత్రం. 2015లో 4.3 కెర్నెల్‌తో ఎన్‌వీమెమ్ చట్రం వచ్చాక ఈ పత్రాలకు ఒక ఉమ్మడి భాష ఏర్పడింది.

చిరునామా చెప్పడంలో ఆ భాష దిట్ట. ‘రెగ్’ బైట్ల స్థానాన్ని, పొడవును చెబుతుంది. బైటులో కొన్ని బిట్లే కావలసినప్పుడు ‘బిట్స్’ ఆ పని చేస్తుంది. ఫ్యూజుల్లో విలువ ఎక్కడుందో సెన్సర్ డ్రైవరుకు తెలియనవసరం లేకపోవడం చిన్న మేలు కాదు.

రాత విషయంలో మాత్రం ఉమ్మడి పత్రంలో ‘రీడ్-ఓన్లీ’ అనే జెండా ఉంది. అది రాయవద్దంటుంది, రాస్తే వెనక్కి రాదని అనదు. ఈఈప్రామ్‌లో తప్పు బైటును దిద్దవచ్చు, ఫ్యూజులో దిద్దలేం. కెర్నెల్‌కు ఈ తేడా తెలియక కాదు: సీ కోడ్‌లో ఓటీపీ అనే రకం ఉంది, డ్రైవరు దాన్ని ప్రకటించుకోవచ్చు. బైండింగ్ వర్ణించవలసింది హార్డ్‌వేరునే, డ్రైవరును కాదన్నది డివైస్ ట్రీ మూలసూత్రం. తిరిగిరానితనం హార్డ్‌వేరు స్వభావం కాకపోతే మరేమిటి?

క్వాల్‌కామ్ క్యూఎఫ్‌ప్రామ్ ఇందుకు మంచి ఉదాహరణ. దోషాలు సవరించిన విలువలుండే ప్రాంతాన్ని మాత్రమే ఇస్తే అది చదవడానికే. ముడి ప్రాంతం, క్లాక్, విద్యుత్ సరఫరా వంటివి కూడా జోడిస్తే కాల్చే వీలు కలుగుతుంది. ఒకటికి మించి ప్రాంతాలు కనబడితే రాసే అధికారం ఉందని డ్రైవరు భావిస్తుంది. అంటే ఇంత పెద్ద అనుమతి సూటిగా చెప్పిన మాట కాదు, సరంజామా జాబితా నుంచి తీసిన అనుమానం.

‘కంపాటిబుల్’ పేరును బట్టి డ్రైవరుకు అంతా తెలుస్తుంది కదా అనవచ్చు. డ్రైవరుకు తెలుస్తుంది, నిజమే. బోర్డు ఫైలు రాసే ఇంజనీరు చదివేది పత్రాన్ని. యామెల్ స్కీమా తనిఖీ ఆకృతిని పట్టుకుంటుందే తప్ప పర్యవసానాన్ని కాదు. యూ-బూట్‌లో ఫ్యూజు కాల్చే ఆదేశమిస్తే, ఇది తిరిగిరాని పని అని హెచ్చరించి మరీ అనుమతి అడుగుతుంది. క్యూఎఫ్‌ప్రామ్ డ్రైవరులో కొన్ని చిప్పులకు తాకరాని చిరునామాల పట్టిక ఉన్నా, అదీ సీ కోడ్‌లోనే ఉంది.