ఆరు వేల అడుగుల దగ్గర ఆగడం

హీత్రో విమానాశ్రయం నుంచి బయల్దేరే విమానాలకు నిర్ణీత మార్గాల్లో తొలి హద్దు 6,000 అడుగులు. దిగే వంతు కోసం ఎదురుచూసే విమానాలు బోవింగ్డన్, లాంబోర్న్ లాంటి చోట్ల ఆ ఎత్తుకు పైన చక్కర్లు కొడుతుంటాయి. అందుకే ఆ హద్దు. దాన్ని దాటమనే మాట ఏ క్షణాన వస్తుందో చూస్తే చాలు, ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) లోని కంట్రోలర్ స్థాయి తెలిసిపోతుంది.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోని కంట్రోలర్ ప్రోగ్రామ్ ఇక్కడ తరచూ విఫలమవుతుంది. ఆటోపైలట్ ఎత్తు పట్టేసి, ముక్కు దించి, ఇంజన్ల జోరు తగ్గించాక గానీ తర్వాతి ఎత్తు చెప్పదు. మళ్లీ జోరు పెంచాలి, ఎక్కాలి, ఇంకో మెట్టు దగ్గర ఆగాలి. చుట్టూ ఆకాశం ఖాళీగా ఉన్నా ఇదే వరస. పైగా నిండు ఇంధనంతో విమానం నెమ్మదిగా ఎక్కుతుంటే త్వరగా ఎక్కమని తొందరపెడుతుంది.

సిమ్ పైలట్లను ఆన్‌లైన్‌లో కలిపే, 2001లో మొదలైన వాట్‌సిమ్ నెట్‌వర్క్‌లో రాడార్ ముందు ఉండేది మనిషి, అదీ స్వచ్ఛందంగా. మంచి కంట్రోలర్ అయితే మనం 5,000 దాటకముందే పై ఎత్తు ఇచ్చేస్తారు. హద్దుకు చివరి వెయ్యి అడుగుల్లో ఎక్కే వేగం తగ్గించడం పైలట్ల పద్ధతి, ఆటోపైలట్ ఎత్తు పట్టడం మొదలుపెట్టేదీ అక్కడే. మాట పలకడానికి, మనం తిరిగి చెప్పడానికి పట్టే క్షణాలను కూడా లెక్కేసుకుని ముందే పిలవాలి. ఆ ముందుచూపే నాకు ముచ్చటేస్తుంది.

మనిషి కూడా ఒక్కోసారి ఆరు వేల దగ్గరే ఉంచేస్తారు. కానీ ఆ ఆలస్యం నాకు అభ్యంతరం కాదు. తెర మీద చూస్తే వెయ్యి అడుగుల పైన ఇంకో విమానం అడ్డంగా పోతుంటుంది. అది దాటగానే అనుమతి వస్తుంది. కారణమున్న ఆలస్యం పైలట్‌కి చుట్టూ ఉన్న ఆకాశాన్ని పరిచయం చేస్తుంది. కారణం లేనిది విసుగు తప్ప ఏమీ మిగల్చదు.

వాట్‌సిమ్‌కూ లోటుంది. చాలా విమానాశ్రయాల్లో చాలా వేళల్లో కంట్రోలరే ఉండరు, 122.8 మెగాహెర్ట్జ్ ఉమ్మడి ఛానెల్ మీద మన కదలికలు మనమే చెప్పుకోవాలి. రద్దీ రాత్రుల్లో ఛానెల్ ఖాళీ దొరక్క మనిషి మాట కూడా ఆలస్యమవుతుంది. ఏ వేళైనా దొరికేది ప్రోగ్రామే.

అందుకే ప్రోగ్రామే బాగుపడాలని నా కోరిక. ప్రతి విమానం ఎక్కడుందో, ఎంత వేగంగా ఎక్కుతోందో సిమ్‌కి కచ్చితంగా తెలుసు. నిర్మాతలు కంట్రోలర్ గొంతుకు మెరుగులు దిద్దడం కాసేపు పక్కనపెట్టి, ఆ లెక్కను దాని చేతికివ్వాలి.