క్యాను మెడ, పల్నాటి ఎండ

రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ ఎండలోనే, గేదె ఎదకొచ్చిందని కబురందితే కృత్రిమ గర్భధారణ కోసం గోపాలమిత్రో పశుసంవర్ధక సహాయకుడో బండి మీద బయలుదేరతాడు. వెంట తెచ్చే చిన్న అల్యూమినియం క్యానులో మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ఉంటుంది. లోపలికీ బయటికీ తేడా 240 డిగ్రీల పైమాటే. కరెంటు లేదు, మోటారు లేదు. అయినా మూడు లీటర్ల క్యానును నింపి, నీడన కదపకుండా ఉంచితే రెండు వారాలకు పైగా ఆ చలి నిలుస్తుంది.

ఆ చలిలో దాచేది ముర్రా దున్నల వీర్యం. పావు మిల్లీలీటరు పట్టే సన్నటి స్ట్రాలలో నింపి, నంద్యాల వంటి కేంద్రాల్లో ఘనీభవింపజేస్తారు. మైనస్ 130 డిగ్రీల కంటే వేడెక్కితే అందులోని కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. మళ్లీ చల్లబరిచినా పోయిన ప్రాణం తిరిగి రాదు.

ఈ పాత్రకు మూలపురుషుడు జేమ్స్ డీవార్. వాయువులను ద్రవాలుగా మార్చి పరిశోధిస్తున్న ఆయన, 1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రెండు గోడల గాజుపాత్ర చేయించాడు. గోడల మధ్య గాలి తీసేసి, గాజుకు వెండిపూత వేయించాడు. కాఫీ పోసుకునే థర్మాస్ ఫ్లాస్కు కూడా దీని సంతతే. పల్లె దారుల కుదుపులకు గాజు నిలవదు కాబట్టి గోడలు అల్యూమినియానికి మారాయి. మన దేశంలో ఈ క్యాన్లకు పేరుపడింది నాసిక్‌లోని ఇండియన్ ఆయిల్ క్రయోజెనిక్స్ కర్మాగారం.

గోడల మధ్య గాలి లేదు కనుక వేడిని మోసుకొచ్చేదీ లేదు. కానీ వికిరణానికి గాలితో పనిలేదు, శూన్యాన్నీ దాటి వస్తుంది. అందుకే లోపలి పాత్ర చుట్టూ మెరిసే పలుచని అల్యూమినియం రేకును, మధ్యమధ్య గాజునార కాగితాన్ని పెట్టి పొరలు పొరలుగా చుడతారు. బిగించి చుడితే పొరలు ఒరుసుకుని వేడిని అందించుకుంటాయి. మరీ వదులైతే జారిపోతాయి. ఆ రెంటి నడుమ సరైన పట్టు చూసుకోవడంలో చుట్టేవారి నేర్పు ఉంది.

లోహంలో ఇమిడి ఉన్న వాయువు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా శూన్యంలోకి వస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకునేందుకు లోపలి పాత్రను అంటిపెట్టి శోషక పదార్థం అమరుస్తారు. అది చల్లబడేకొద్దీ ఎక్కువ వాయువును పీల్చుకుంటుంది. అంటే నైట్రోజన్ పోయడంతోనే శూన్యం మరింత మెరుగవుతుంది.

అన్నిటికంటే గొప్ప పనితనం మెడలో ఉంది. లోపలి పాత్ర ఉట్టిలో కుండలా ఆ ఒక్క మెడకే వేలాడుతుంది. బరువంతా మోసేది అదే, బయటి వేడికి గట్టి దారీ అదే. అల్యూమినియం వేడిని చప్పున పాకిస్తుంది కాబట్టి మెడను గాజునార, రెసిన్ కలిపి చేస్తారు. వేడి రాకుండా సన్నగా ఉండాలి, బరువు ఆగేలా గట్టిగా ఉండాలి. ఈ ఎదురుబొదురు కోరికలు రెండూ ఆ కాస్త గొట్టంలోనే తీరాలి.

ఇంకో సంగతి నన్ను మరీ ముగ్ధుణ్ణి చేస్తుంది. కొద్దిగా మరిగి ఆవిరైన నైట్రోజన్ మెడగుండానే పైకి పోతుంది. పోతూపోతూ, మెడవెంట దిగివస్తున్న వేడిని తనలోకి తీసుకుంటుంది. ద్రవం ఆవిరి కావడానికి ఎంత వేడి పడుతుందో, ఆ చల్లని ఆవిరి బయటి ఉష్ణోగ్రతకు చేరేలోగా ఇంచుమించు అంత వేడిని మళ్లీ పీల్చగలదు. పోయే నైట్రోజన్ మిగిలినదాన్ని కాపాడుతుందన్నమాట. అందుకే నురగ బిరడాను వదులుగానే ఉంచుతారు. బిగిస్తే ప్రమాదం కూడా: ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది.

ఇంత పనితనానికి తగ్గ జాగ్రత్త వాడేవారి చేతుల్లోనూ ఉండాలి. లోపల స్ట్రాలు ఉండే క్యానిస్టర్‌ను మెడ దాటి పైకి లాగకూడదు. స్ట్రాను ఫోర్సెప్స్‌తో క్షణాల్లో తీసి, 37 డిగ్రీల నీళ్లలో ముప్పై సెకన్లు ఉంచాలి. కొలకర్ర ముంచి తీసి, దానిమీద మంచు పట్టిన మేర చూసి ద్రవం ఎంతుందో తెలుసుకోవాలి. గట్టి దెబ్బ తగిలితే మెడ చిట్లుతుంది. క్యాను పైన మంచు కనబడితే శూన్యం పోయినట్టే, వెంటనే స్ట్రాలను మరో క్యానులోకి మార్చాలి.

గేదె ఎద ఒకరోజు ముచ్చట. అది తప్పితే మళ్లీ ఇరవైయొక్క రోజులు ఆగాలి. ఆ రైతు పాడి ఆ పూట ఈ క్యాను మీదే ఆధారపడి ఉంటుంది. ఉష్ణవహనం, సంవహనం, వికిరణం పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను ఒకసారి నరసరావుపేటలోనో గురజాలలోనో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, తగినంత దూరాన నిలబెట్టి దీన్ని చూపించాలి. పుస్తకంలో విడివిడిగా చదివిన మూడింటికీ ఒకే పాత్రలో ఎలా అడ్డుకట్ట వేశారో చూస్తే, చదువుకు చేతిపని ఎంత అవసరమో వాళ్లకు బాగా తెలుస్తుంది.