పత్రికాసంస్థల చరిత్రయు విజ్ఞానసర్వస్వ ధర్మమును

తెలుగున విజ్ఞానసర్వస్వమును కూర్ప సంకల్పించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. మునగాల యానాడు పాలనలో కృష్ణా మండలమునకు చేరినదైనను, నిజాము రాజ్యపు సీమలు దానిని చుట్టుకొని యుండెను; పిదప నది నల్లగొండ జిల్లాలో కలిసెను. 1923లో లక్ష్మణరావుగారు గతించిన పిమ్మట ఆ సర్వస్వమును మరల ప్రకటించు భారమును కాశీనాథుని నాగేశ్వరరావుగారు వహించిరి. వీరు ఆంధ్రపత్రికాధిపతులు, దానిని 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి 1914లో చెన్నపురినుండి దినపత్రికగా వెలయించినవారు. ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది. సర్వస్వమును ప్రకటించువారే పత్రికకును స్వాములైనచో ఆ పత్రికను గూర్చిన వ్యాసము నెవరు వ్రాయవలెను? ఇది నాగేశ్వరరావుగారి ఔదార్యమును శంకించు ప్రశ్న కాదు. ఎంతటి ఉదారుడైనను తన యింటిని తాను వర్ణించునపుడు సాక్షిస్థానమున నిలువజాలడు.

ఈ ప్రశ్న నేడు పెద్దదైనది. 2003 డిసెంబరున ఆరంభమైన తెలుగు వికీపీడియాలో వ్రాయుటకు పీఠమును దివానుగిరియు నక్కఱలేదు. అంతర్జాలము నెఱిగిన వారెల్లరును వ్రాయవచ్చును. అందు మూడు కట్టుబాట్లు ముఖ్యములు. దృష్టి తటస్థముగా నుండవలెను. చెప్పిన మాటకు ప్రమాణము చూపవలెను. వ్రాయువాని సొంత సిద్ధాంతమునకు తావీయరాదు. చెఱువును గూర్చియో దేవాలయమును గూర్చియో వ్రాయునపుడు ఈ నియమములను పాటించుట అంత కష్టము కాదు. పత్రికాసంస్థను గూర్చి వ్రాయునపుడు మాత్రము చిక్కు వచ్చును. తక్కిన విషయములకు ప్రమాణముగా చూపబడునది పత్రికయే గదా. అట్టి పత్రికయే విషయమైనపుడు వాదియు సాక్షియు నొక్కరగుదురు. తన పత్రిక తన్ను పొగడుకొనును, పోటీపత్రిక తెగడును, తక్కినవారు ఈ రెంటిలో తమకు నచ్చినదాని నెత్తి వ్రాయుదురు.

నల్లగొండ చెంతనున్న పానుగల్లు కందూరు చోడుల రాజధాని. అట్టి చోటుల శాసనములు చదువువారికి ఒక వివేకము అలవడియుండును. శాసనమున బిరుదావళి యొకటి, దానభాగము వేఱొకటి. శత్రురాజులెల్ల పాదాక్రాంతులైరను మాటను చరిత్రకారుడు రాజు తన్ను గూర్చి చెప్పించుకొనిన మాటగా మాత్రమే గ్రహించును. ఏ శకవర్షమున, ఏ తిథియందు, ఏ గ్రామమున, ఎంత భూమి, ఎవరికి ఇయ్యబడెను అనుదానిని తగిన పరీక్షమీద నమ్మును. ఏలయన, బిరుదమునకు ఎల్లలు లేవు. భూమికి ఎల్లలు కలవు. అబద్ధమైనచో పొరుగు పొలమువాడు లేచి అడుగును.

పత్రికల విషయమునను ఇదే పద్ధతి చెల్లును. తొలి సంచిక తేది, ముద్రణాలయము పేరు, సంపాదకుని పేరు, చందా వెల – ఇవి దానభాగము వంటివి. వీనికి ఆ పత్రిక ప్రతియే చాలినంత ప్రమాణము. 1956 నాటి కేంద్ర నియమావళి ననుసరించి పత్రికలు ఏటేట ప్రకటించుచు వచ్చిన యాజమాన్య వివరణమును ఈ కోవకు చెందినదే; అందు స్వాములెవరో, భాగస్వాములెవరో తెలియును. ఇక నిర్భయమైనది, ప్రజల గుండెచప్పుడైనది అను మాటలు బిరుదావళి. చందాదారుల సంఖ్యను పత్రిక తాను చెప్పుకొనుట బిరుదమునకు దగ్గఱ. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కతేల్చి యిచ్చిన సంఖ్య దానభాగమునకు దగ్గఱ. సర్వస్వ వ్యాసములలో ఈ రెండును ఒకే వాక్యమున కలిసిపోవుచుండుట పెద్ద లోపము.

ఈ దక్షిణ తెలంగాణపు మెట్టసీమ పత్రికలను చూచిన లోపము మఱింత విశదమగును. 1913లో మహబూబునగరమునుండి బండారు శ్రీనివాసశర్మగారు హితబోధినిని వెలువరించిరి. 1922లో రెండు వారపత్రికలు పుట్టినవి: నల్లగొండలో షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారి నీలగిరి, ఓరుగల్లు సీమయందలి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక హైదరాబాదునుండి వెలువడసాగెను. ఇందు దేనిని గూర్చి వ్రాసినను లేఖినికి తొలుత తోచుమాట "తొలి" యనునదే. హితబోధినిని తెలంగాణపు తొలి తెలుగు పత్రిక యనువారు కలరు. 1886 నాటి సేద్యచంద్రికకు ఆ పేరీయవలె ననువారును కలరు. ఒక మతమును తుడిచి వేఱొకదానిని నిలుపుట సర్వస్వకారుని పని కాదు. సేద్యచంద్రికను పరిగణింపని వారి మతమున హితబోధిని మొదటిది అని యిద్దఱి మాటయు వారివారికి అప్పగించి వ్రాసినచో వివాదము సమసిపోకున్నను పాఠకుడు మోసపోడు.

పేళ్లును మోసము చేయును. నల్లగొండకే నీలగిరి యను నామాంతరము. దాని నెఱుగనివాడు నీలగిరి పత్రికను అరవసీమ కొండలకు తఱలించును. గోలకొండ పత్రిక గోలకొండలో అచ్చయినది కాదు. సురవరంవారి ఇటిక్యాలపాడు మహబూబునగరమునకు చెందినదని ప్రాతగ్రంథములు చెప్పుచుండగా, 2016 జిల్లాల విభజన తరువాత అది జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. "నాటి" యను రెండక్షరములు చేర్చుటకు బద్ధకించి ఒకరి వ్రాతను మఱియొకరు తప్పని దిద్దుట పండితులలోను కానవచ్చుచున్నది.

యాజమాన్యమును సంపాదకత్వమును వేఱుపఱచి చూపుట ఇంకను ముఖ్యము. 1944లో హైదరాబాదున మొదలైన తెలుగు మీజాను పత్రిక ఇందుకు మంచి దృష్టాంతము. దాని యజమాని గులాం మహమ్మదు. సంపాదకుడు అడివి బాపిరాజుగారు. బాపిరాజుగారి మీది ప్రేమచేత వ్యాసము నంతను ఆయన కీర్తితో నింపినచో పెట్టుబడి ఎవరిదో మఱుగుపడును. యజమాని రాజకీయమునే చెప్పినచో సంపాదకుని కృషి మాసిపోవును. గోలకొండ పత్రికా వ్యాసమును ఈ కన్నుతోనే చదువవలెను. ప్రతాపరెడ్డిగారు ఈ సీమకు ప్రాణసములు. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఆ గౌరవమే అడ్డమగుచున్నది. నిజాము ప్రభుత్వమును ఆ పత్రిక ఎదిరించినదని వ్రాసినంత చాలదు. ఏ సంచికలో, ఏ విషయమున, ఏమని వ్రాసినదో చూపవలెను. అట్లు చూపిన ఒక్క సంపాదకీయము పది విశేషణములకు సాటివచ్చును.

తర్కశాస్త్రమున అన్యోన్యాశ్రయ మను దోషము కలదు. అది ఇచ్చట కొత్తరూపమున వెలసినది. ప్రమాణము లేని వాక్యము నొకడు సర్వస్వమున చేర్చును. విలేకరి దానిని చూచి తన వార్తలో వాడుకొనును. కొన్నాళ్లకు వేఱొకడు ఆ వార్తనే ప్రమాణముగా తెచ్చి మొదటి వాక్యమునకు అతుకును. సర్వస్వమునకు పత్రిక ఆధారము, పత్రికకు సర్వస్వము ఆధారము! వ్యాసముతోపాటు భద్రముగా నుండు మార్పుల చరిత్రను తిరుగవేసి, వార్త పుట్టిన నాటికంటె వాక్యము ముందున్నదో వెనుక నున్నదో చూచిన దొంగ దొరకును. ఆ ఓపిక గలవారు తక్కువ.

నేటి దూరదర్శన వార్తాసంస్థల వ్యాసములందు మఱియొక చేయి కనబడును. సంస్థ ఉద్యోగియో, కూలికి వ్రాయువాడో వచ్చి బహుమానముల పట్టికను పెంచి, వ్యాజ్యముల ప్రసక్తిని త్రుంచిపోవును. వేతనము గొని వ్రాయువారు ఆ సంగతిని వెల్లడింపవలెనని 2014లో వికీమీడియా ఫౌండేషను నియమము చేసినది. సంస్థవారు పొరపాటును చూపదలచినచో చర్చాపుటలో తమ పేరు చెప్పి, ప్రమాణ మిచ్చి కోరుట మర్యాద. సంస్థకు కిట్టనివాడు వచ్చి నిందలతో వ్యాసమును నింపుటయు నంతే దోషము. నూఱేండ్ల సంస్థకు నిన్నటి తగవే చరిత్ర యనిపించుట తాటస్థ్యము కాజాలదు.

ఈ తగవు న్యాయస్థానమునకును ఎక్కినది. ఏషియన్ న్యూస్ ఇంటర్నేషనల్ సంస్థ, ఆంగ్ల వికీపీడియాలో తన్ను గూర్చిన వ్యాసము పరువునకు భంగకరమని 2024 జూలైలో ఢిల్లీ హైకోర్టున 2 కోట్ల రూపాయల పరిహారమునకై దావా వేసెను. ఆ దావాను గూర్చిన పుటనే తొలగింపుమని హైకోర్టు ఇచ్చిన ఆజ్ఞను 2025 మే 9న సుప్రీంకోర్టు రద్దు చేసెను. ఆ సంస్థపై విమర్శలు ఆ వ్యాసమున ఇతర పత్రికల పరిశోధనలను చూపి వ్రాయబడినవి. ఇట్టి తావున "విమర్శ కలదు" అనుటకును, "ఫలానావారు ఫలానా యేట ఇట్లు విమర్శించిరి" అనుటకును గల భేదము వ్యాకరణమునకు సంబంధించినది మాత్రమే కాదు.

అయినను ప్రమాణనియమమును గ్రుడ్డిగా పట్టుకొనినవారు చేయు అన్యాయ మొకటి కలదు. ధనవంతమైన సంస్థకు వార్తలు వేలు. నీలగిరికి సాక్ష్యము పిడికెడు. ఆధారము చాలదని చిన్నపత్రిక వ్యాసమును తొలగించుట సులభము. తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినపుడు ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354గురు కవులను చూపిరి. కోపముతో బదులు వ్రాసియుండినచో ఆ వాదము ఆ వారముతోనే చల్లాఱెడిది. సేకరించి అచ్చొత్తించుటచేత అది ప్రమాణమైనది.

పత్రికలకును ఇట్టి పని కావలసియున్నది. సర్వస్వములో స్వీయపరిశోధన కూడదు గావున పరిశోధన సర్వస్వమునకు వెలుపల, పరిషత్పత్రికలలోను గ్రంథములలోను జరుగవలెను. ఏ సంచికలు ఏ గ్రంథాలయమున నున్నవో, ఏ యిండ్ల అటకలమీద చెదలకు మిగిలినవో పట్టిక వేయవలెను. నల్లగొండ, పాలమూరు బడిపంతుళ్లకు ఇందు చేతనైనంత పని కలదు. అంతవఱకు నీలగిరి వ్యాసము, 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారి సంపాదకత్వమున వెలువడిన తెలుగు వారపత్రిక యని చెప్పి, సంచికలు చేతికందినకొలది తక్కిన వాక్యములను చేర్చుకొనవలెను.