రెండో బ్యాక్‌స్లాష్

కెర్నిగన్, రిచీల ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ రెండో కూర్పు 1988లో వచ్చింది. అందులో మొదటి అధ్యాయంలోనే 1-10 అనే అభ్యాసం ఉంది. అడిగింది కొంచెమే: కీబోర్డులో కొట్టింది కొట్టినట్టు తెర మీదికి దించాలి. ట్యాబ్ వస్తే మాత్రం బ్యాక్‌స్లాష్, టి వేయాలి. బ్యాక్‌స్పేస్ వస్తే బ్యాక్‌స్లాష్, బి. బ్యాక్‌స్లాషే వస్తే రెండు బ్యాక్‌స్లాష్‌లు. సి నేర్చుకునేవాళ్లు గబగబా రాసేసి దాటిపోయే లెక్క ఇది. నిలబడి చూస్తే ఎంత సొగసో!

మొదటి రెండింటిలో ఉన్నది చమత్కారం. తెర మీద ట్యాబ్ ఉత్త ఖాళీ. దాని ఆస్కీ అంకె 9 అనీ, స్పేస్ అంకె 32 అనీ కంటికేం తెలుస్తుంది? ప్రోగ్రామ్ ఆ ఖాళీకి రూపం కడుతుంది. అసలు రసం మూడోదాంట్లో ఉంది. బ్యాక్‌స్లాష్ ఎలాగూ కనిపించేదే, మళ్లీ రెట్టించడమెందుకు? రెట్టించకుండా వదిలేసి చూడండి. ఒకరు ట్యాబ్ నొక్కారు, ఇంకొకరు నిజంగానే బ్యాక్‌స్లాష్, టి కొట్టారు. తెర మీద ఇద్దరిదీ ఒకటే! రెట్టిస్తే చిక్కు వీడిపోతుంది: మొదటివారికి ఒక గీత, రెండోవారికి రెండు. తెర మీద పడినదాన్ని బట్టి ఏం కొట్టారో పొల్లుపోకుండా చెప్పేయవచ్చు. సంకేతానికి వాడుకున్న అక్షరం తానూ ఆ నియమానికి తలవంచింది. ఔచిత్యమంటే ఇదే.

ఈ శుచే, ప్రోగ్రామ్‌కి ఒక్కో అక్షరాన్నీ చదివి ఇచ్చే గెట్‌చార్‌లోనూ కనిపిస్తుంది. అక్షరాన్ని పట్టుకునే చరరాశిని అక్షరాల రకమైన చార్‌గా కాక పూర్ణాంకాల రకమైన ఇంట్‌గా పెట్టమంటే కొత్తవాళ్లు తెల్లబోతారు. మామూలు యంత్రాల మీద 0 నుంచి 255 దాకా అంకెలన్నీ అక్షరాలవే. ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఇ.ఓ.ఎఫ్. వాటిలో దేనితోనూ కలిసిపోకూడదు. అందుకే అది రుణసంఖ్య. దానికీ చోటుండాలి కనుక ఇంట్.

తీరా ప్రోగ్రామ్ నడిపితే బ్యాక్‌స్పేస్ చిక్కదు. నొక్కగానే ముందరి అక్షరం చెరిగిపోతుంది, అంతే. ఎంటర్ కొట్టేదాకా ఆ వరుస టెర్మినల్ చేతిలోనే ఉంటుంది; దిద్దుబాట్లన్నీ అక్కడే తీరిపోయి ప్రోగ్రామ్‌కి శుద్ధప్రతి అందుతుంది. లినక్స్‌లో కంట్రోల్-వి నొక్కి, వెంటనే కంట్రోల్-హెచ్ నొక్కి, ఎంటర్ కొట్టండి. 8 అనే అంకె లోపలికి వచ్చి, బ్యాక్‌స్లాష్, బి బయటపడుతుంది. మీటకీ ప్రోగ్రామ్‌కీ మధ్య టెర్మినల్ అనే దిద్దరి ఉన్నాడని పాఠంలా చెప్పకుండా, విద్యార్థి చేతే కనిపెట్టించే అభ్యాసం ఇది. పాఠ్యపుస్తకాల్లో ఇంత పొదుపైన రచన అరుదు.