‘తండేల్’: నీటిమీది సరిహద్దు

తండేల్ అంటే వేటపడవకు పెద్ద. 2025 ఫిబ్రవరిలో విడుదలైన చందు మొండేటి చిత్రం ‘తండేల్’కు శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల నిజగాథ ఆధారం. గుజరాత్‌లోని వెరావల్ నుండి వేటకు పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థకు చిక్కి, కరాచీ జైలులో మగ్గినవారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలయ్యారు.

ఒడ్డున ఎదురుచూసే స్త్రీ వేదనను చిత్రం చక్కగా పట్టుకున్నది. ఇందులో సాయిపల్లవి నటనకే పెద్ద వాటా దక్కాలి. కథ జైలులోకి పోగానే తూకం తప్పింది. నినాదాలు పెరిగి మనుషులు తగ్గారు. అసలు ఆ నీళ్ళలో హద్దు ఏది? సర్ క్రీక్ తగాదా తేలనందున ఉభయదేశాల మధ్య సముద్ర సరిహద్దు ఒప్పందమే లేదు. రెండు దేశాలూ ఆమోదించిన 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడికలోని 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నిబంధనలు మీరినవారికి, ఆయా దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే, జైలుశిక్ష కూడదు. అయినా ఏటా జనవరి 1న, జూలై 1న ఇరు ప్రభుత్వాలు ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాలలో జాలరులుంటారు. భారత జైళ్ళలోని పాకిస్తానీ జాలరులూ అందులో ఉంటారు. ఆ రెండో ఒడ్డు నిరీక్షణకు చిత్రంలో తగినంత చోటు దక్కలేదు.

ఇంటిముందే బంగాళాఖాతం ఉండగా ఉద్దానం, టెక్కలి తీరపు యువకులు అరేబియా సముద్రానికి ఎందుకు పోతున్నారు? పెద్ద పడవలు నిలిపే రేవు జిల్లాలో లేకపోవడం ఒక ముఖ్య కారణం. మూలపేట ఓడరేవుకూ, బుడగట్లపాలెం చేపలరేవుకూ శంకుస్థాపన జరిగింది 2023 ఏప్రిల్ 19న మాత్రమే. అప్పటికి వాఘా దాటివచ్చినవారు ఇళ్ళు చేరి మూడేళ్ళు దాటింది.